నాలుగో నంబరు పెట్టెలో రాణిని మార్చిన వైనం

గుంటూరు నుంచి అమరావతి వెళ్ళే దారిలో, లాం దాటిన తరువాత, మాకు ఎకరంన్నర నిమ్మతోట ఉంది. ఆ తోట ఉత్తరపు గట్టున, మునగచెట్ల నీడలో, నేను ఆరేళ్ళుగా తేనెటీగలను పెట్టెల్లో పెంచుతున్నాను. వారంలో ఆరు రోజులు గుంటూరులో ఉద్యోగం, ఆదివారం తోట. అందువల్ల పెట్టెల సంఖ్యను ఎప్పుడూ తొమ్మిది దాటనివ్వలేదు. వాటిలో నాలుగో నంబరు పెట్టె నిరుడు మే నెల నుంచి పెట్టిన తిప్పలనూ, దాన్ని దారికి తెచ్చుకోవడానికి నేను చేసిన పనులనూ, వాటిలో బెడిసికొట్టిన వాటితో సహా ఇక్కడ రాస్తున్నాను.

తేనెటీగలనగానే మన విజయవాడ, గుంటూరు జనానికి గుర్తొచ్చేవి అపార్టుమెంట్ల సజ్జల కింద, నీళ్ళ ట్యాంకుల కింద వేలాడే పెద్ద పట్లు. అవి కొండ తేనెటీగలు, పెట్టెలో ఇమిడే జాతి కాదు. నా దగ్గర ఉన్నవి మన పుట్ట తేనెటీగలు కూడా కావు. 1960లలో హిమాచల్ ప్రదేశ్‌లోని నగ్రోటా దగ్గర మన దేశంలో తొలిసారి నిలదొక్కుకున్న ఐరోపా జాతి. పెంపకందారులందరం వాటిని ఇటాలియన్ ఈగలనే పిలుస్తాం. సాధారణంగా ఇవి నెమ్మదస్తులు. నాలుగో నంబరు పెట్టె అయితే నా తొమ్మిదింటిలోనూ సాధువు. మార్చి వరకు దాన్ని నేను చేతితొడుగులు లేకుండా, ముఖానికి జాలీ మాత్రమే వేసుకుని తెరిచేవాడిని. మా అమ్మాయికి చట్రం (పెట్టెలో ఈగలు పట్టు కట్టుకునే చెక్క ఫ్రేము) చేతికిచ్చి రాణిని చూపించింది కూడా ఆ పెట్టెలోనే.

మే నెల రెండో ఆదివారం ఆ పెట్టె మూత ఎత్తీ ఎత్తకముందే ఇరవై ముప్ఫై ఈగలు ఒక్కసారిగా లేచి ముఖం ముందున్న జాలీకి టపటపా కొట్టుకున్నాయి. కుట్టడానికి ముందు ఈగ ఇలా తలతో ఢీకొట్టి హెచ్చరిస్తుంది. పొగ పట్టాను, తగ్గలేదు. మూత వేసి వెనక్కి నడిస్తే తోట గేటు దాకా, అంటే దాదాపు అరవై మీటర్లు, వెంటపడి వచ్చాయి. ఆ రోజు మణికట్టు దగ్గర నాలుగు ముళ్ళు దిగాయి. ఒక ఈగ కుట్టిన చోట విడుదలయ్యే ఐసోఅమైల్ ఎసిటేట్ అనే పదార్థం మిగతా ఈగలకు యుద్ధభేరి లాంటిది. దాని వాసన మన ముక్కుకు మాగిన అరటిపండు వాసనలా ఉంటుంది. నాలుగు ముళ్ళూ అరచేతి వెడల్పులోనే దిగాయంటే అందుకే. ఆ తొడుగులను సబ్బుతో ఉతకకుండా మరుసటి వారం మళ్ళీ వేసుకుని వెళ్ళడం నా మొదటి తెలివితక్కువ పని.

నాకు ఈ విద్యలో పెద్దదిక్కు, నూజివీడు వైపు మామిడితోటల్లో పెట్టెలు పెట్టే ఒక పెద్దాయన. బాబాయిగారూ అని పిలుస్తాను. మొదట పుట్ట తేనెటీగలనే పెంచిన ఆయన, 1990ల మొదట్లో థాయి శాక్‌బ్రూడ్ అనే వైరసు తెగులు దక్షిణాది రాష్ట్రాల్లో ఆ జాతిని ఊడ్చిపెట్టినప్పుడు పెట్టెలన్నీ ఖాళీ అయిపోవడం చూసినవారు. ఫోన్‌లో సంగతంతా చెప్పి, రాణిని తీసేసి కొత్తది వేద్దామనుకుంటున్నానన్నాను. ఆయన కాసేపు ఊరుకుని, "ఏమోయ్, రాణిని చంపడానికి ఒక్క నిమిషం చాలు. ఆ కోపం రాణి వల్ల వచ్చిందో, నీ వల్ల వచ్చిందో ముందు తేల్చుకో" అన్నారు. ఆ మాటకు కొంచెం చిన్నబుచ్చుకున్న మాట నిజమే కానీ, తరువాతి ఐదు నెలలూ నేను చేసింది ఆ తేల్చుకునే పనే.

మే నెలలో మా ప్రాంతంలో ఈగలకు పస్తులు. వేప పూత, కానుగ పూత అయిపోతాయి, పొలాలు ఖాళీగా ఉంటాయి, సుబాబుల్ మీద, దారి పక్కన సర్కారు తుమ్మ మీద దొరికే కాస్త పుప్పొడే దిక్కు. ఇంట్లో నిల్వ తగ్గినకొద్దీ కాపలా ఈగల సంఖ్య పెరుగుతుంది. పక్క పెట్టెల వాళ్ళు దొంగతనానికి దిగుతారు. దొంగల తాకిడి ఉన్న పెట్టె ఎవరు వచ్చినా శత్రువనే అనుకుంటుంది. ఈ దొంగతనానికి బీజం వేసింది నేనే. పంచదార పాకం పట్టపగలు పోస్తూ, డబ్బా అంచున కారిన పాకాన్ని పట్టించుకోకుండా వదిలేసేవాడిని. ఇక పాకం చీకటి పడ్డాకే, పెట్టె లోపలే పెట్టాను. ద్వారాన్ని రెండు వేళ్ళ వెడల్పుకు కుదించాను. వారం తిరిగేసరికి ద్వారాల దగ్గర కలబడటాలు ఆగిపోయాయి. మిగిలిన ఎనిమిది పెట్టెలూ కుదుటపడ్డాయి, నాలుగోది పడలేదు.

తరువాత కనిపెట్టిన దొంగ బోదురుకప్ప. పెట్టె ముందు నేల మీద నల్లగా, వేలెడంత పొడవున రెట్టలు కనిపించాయి. పుల్లతో విరిచి చూస్తే లోపలంతా ఈగల రెక్కలూ కాళ్ళూ. ఒక రాత్రి ఎర్రకాగితం చుట్టిన టార్చిలైటు పట్టుకుని కూర్చుంటే, తొమ్మిది గంటల వేళ ఆ మహానుభావుడు దర్శనమిచ్చాడు. ద్వారం ముందు పలక మీద గాలికి బయటకొచ్చి కూర్చున్న ఈగలను ఒక్కొక్కటిగా, ఏ తొందరా లేకుండా నాలుకతో అందుకుంటున్నాడు. అన్ని పెట్టెల స్టాండ్లూ ఇటుకల మీద జానెడు ఎత్తులోనే ఉన్నాయి. అప్పటికప్పుడు మంగళగిరి రోడ్డులో వెల్డింగ్ షాపులో మూరెడు ఎత్తు ఇనుప స్టాండ్లు చేయించి, చీమలు ఎక్కకుండా కాళ్ళ కింద పాత ఇంజనాయిలు పోసిన డబ్బాలు పెట్టాను. రాత్రంతా ఇలా వేధింపు ఉన్న పెట్టె పగలు చిరాకుగా ఉంటుందన్నది బాబాయిగారి అనుభవం. స్టాండు ఎత్తాక నాలుగో పెట్టెలో కొంత మార్పు వచ్చిందనే నాకూ అనిపించింది. అది పది రోజులే.

పురుగుమందులనూ అనుమానించాను. 2021-22లో నల్లతామర పురుగు మిరప మీద పడి గుంటూరు రైతును ముంచిన నాటి నుంచి మా చుట్టూ మందు కొట్టడం బాగా పెరిగింది. అయితే మందు తగిలిన పెట్టె ముందు చచ్చిన ఈగలు నాలుకలు బయటపెట్టి కుప్పగా పడి ఉంటాయి. అలాంటి కుప్ప ఏ వారమూ కనిపించలేదు. పంచదార పొడి చల్లి దులిపి, ఈగల ఒంటిని పట్టి పీడించే వరోవా పేలు చూశాను, మిగతా పెట్టెల్లో ఉన్నంతే ఉన్నాయి. రాణి లేని పెట్టె కూడా ఇలాగే రెచ్చిపోతుందంటారు గనుక, ప్రతిసారీ చట్రాన్ని సూర్యుడికేసి పట్టి గదుల అడుగున గుడ్లున్నాయో లేదో చూసేవాడిని. గదికి ఒకటి చొప్పున నిటారుగా నిలబడిన తెల్లటి గుడ్లు ఉన్నాయి. గుడ్లుంటే రాణి ఉన్నట్టే కాబట్టి, అంతటితో తృప్తి పడి మూత వేసేవాడిని. ఈ తృప్తే నన్ను ఎంత పక్కదారి పట్టించిందో తరువాత చెబుతాను.

ఇక నా తప్పులు. సాయంత్రం అయిదు దాటాక, మేతకు వెళ్ళిన ముసలి ఈగలన్నీ ఇంటికి చేరాక పెట్టె తెరవడం. ముదురు నీలం జీన్స్ వేసుకోవడం. ఒకసారి చక్కెరకేళి అరటిపండు తిని, చేతులైనా కడుక్కోకుండా వెళ్ళడం. ముదురు రంగునూ, వెంట్రుకలున్న వస్తువునూ ఈగ శత్రువుగానే చూస్తుంది. అన్నీ మార్చాను. తెల్ల దుస్తులు, మధ్యాహ్నం పదకొండు నుంచి ఒంటి గంట లోపు పని, పొగడబ్బాలో ఎండిన కొబ్బరిపీచు మీద గోనెపట్టా ముక్కలు వేసి, వేడిగా కాక చల్లగా, తెల్లగా వచ్చే పొగ. అక్టోబరు నాటికి నాలో మారని అలవాటు లేదు, నాలుగో పెట్టెలో మారిన గుణం లేదు.

ఈలోగా మా ఊళ్ళో ఒక వాదం పుట్టింది: నా రాణి వెళ్ళి కొండ తేనెటీగ మగవాటితో కలిసిందనీ, అందుకే ఆ పెట్టెలో సంకర జాతి పుట్టిందనీ. చాలామంది దీన్ని గట్టిగా నమ్ముతారు కనుక చెబుతున్నాను, అది జరిగే పని కాదు. కొండ తేనెటీగా, పుట్ట తేనెటీగా, ఇటాలియన్ ఈగా మూడూ వేరు వేరు జాతులు. వాటి మధ్య సంతానం కలగదు. కానీ ఆ వాదంలో సగం నిజం ఉందని నవంబరులో తెలిసింది.

అక్టోబరు చివరికి చుట్టుపక్కల పత్తి పూత మీద ఉంది, మునగ విరగబూసింది, మిరప తోటలు పూతకొస్తున్నాయి. పస్తులు పోయి పండగ వచ్చింది. ఈ కాలంలో ఏ పెట్టె అయినా మెత్తబడాలి. ఊహలతో కాకుండా లెక్కతో చూద్దామని, ఒకే రోజు మధ్యాహ్నం నాలుగు పెట్టెల ముందు ఒక చిన్న పరీక్ష చేశాను. ఒక కర్రకు కొత్త నల్ల మేజోడు కట్టి, ద్వారానికి జానెడు దూరంలో అర నిమిషం ఊపి, మేజోటిలో దిగిన ముళ్ళు లెక్కపెట్టాను. ప్రతి పెట్టెకూ కొత్త మేజోడే వాడాలి, లేకపోతే ముందు కుట్టిన వాసన లెక్కను పాడుచేస్తుంది. రెండో పెట్టెలో ఒకటి, అయిదో పెట్టెలో రెండు, ఏడో పెట్టెలో సున్నా. నాలుగో పెట్టెలో ముప్ఫై ఒకటి. అన్నిటికీ ఒకే మేత, ఒకే నీడ, ఒకే స్టాండు, ఒకే మనిషి. బయటి కారణాలన్నీ అందరికీ సమానంగా ఉన్నప్పుడు తేడా ఎక్కడుందో ఇక వెతకనక్కరలేదు.

ఆ మర్నాడే అసలు ప్రమాదం జరిగింది. మా ఉత్తరపు గట్టు వెంట ఒక డొంక ఉంది. రోజూ ఒక తాత అటుగా మేకలను తోలుకెళతాడు. ఆ ఉదయం నేను పెట్టెల జోలికే వెళ్ళలేదు. డొంకలో ఒక నల్లమేక గట్టెక్కి మునగాకు అందుకోబోయిందట. క్షణంలో ఈగలు దాన్ని కమ్మేశాయి, విడిపించబోయిన తాతనూ కమ్మేశాయి. కేకలు విని పక్క పొలం వాళ్ళు వచ్చి ఫోన్ చేస్తే, ఆదివారం కావడం వల్ల దారిలోనే ఉన్న నేను పది నిమిషాల్లో చేరుకున్నాను. మెడ మీద, చెవుల వెనక, చేతుల మీద మొత్తం పదకొండు ముళ్ళు. ఈగ ముల్లుకు వెనక్కి తిరిగిన పళ్ళుంటాయి గనుక అది విషసంచితో సహా చర్మంలోనే ఊడిపోయి, ఆ తరువాత కూడా కాసేపు విషాన్ని లోపలికి దించుతూనే ఉంటుంది. కాబట్టి గోటితో గీకాలా, లాగాలా అని ఆలోచిస్తూ కూర్చోకుండా ఎంత త్వరగా తీస్తే అంత మంచిది. పక్క పొలం ఆవిడ నేను వచ్చేలోపే చాలావరకు తీసేసింది. ఒళ్ళంతా దద్దుర్లు లేవడం, పెదవులు, నాలుక వాయడం, ఆయాసం, కళ్ళు తిరగడం వంటివి కనిపిస్తే అది మామూలు వాపు కాదు, నిమిషాల్లో ప్రాణం మీదకు వచ్చే వ్యవహారం; అడ్రినలిన్ ఇంజెక్షన్ పడాలి. తాతకు అవేవీ లేకపోయినా కారెక్కించి ఆసుపత్రికి తీసుకెళ్ళి, సాయంత్రం దాకా డాక్టర్ల కళ్ళముందే ఉంచాను. తిరిగి వచ్చేటప్పుడు ఆయన అన్న మాట ఇది: "బాబూ, నేనంటే ఓర్చుకుంటాను. అది చూలుమేక. నీ పెట్టెలు తీస్తావా, నన్ను దారి మార్చుకోమంటావా?"

అరవై ఏళ్ళుగా ఆయన తిరుగుతున్న దారిని ఆరేళ్ళ కిందట పెట్టెలు తెచ్చిన నేను మార్చుకోమనడం న్యాయం కాదు. మేక మందుల ఖర్చు ఇచ్చాను. ఆ సాయంత్రమే డొంక వైపు నిలువెత్తుకు పైగా ఆకుపచ్చ నీడవల కట్టించాను. ఎదురుగా అడ్డు ఉంటే ఈగలు గూడు వదలగానే పైకి లేచి, మనుషుల తలల మీదుగా ఎగిరిపోతాయి. రాత్రి బాబాయిగారికి ఫోన్ చేసి మేజోళ్ళ లెక్క చెప్పాను. ఈసారి ఆయన వాదించలేదు. "రెండు రాణులు తెప్పించుకో" అన్నారు. ఒక్కటి చాలు కదా అంటే, "రెండు" అని మళ్ళీ అన్నారు.

కోపిష్టి పెట్టెలో రాణిని పట్టుకోవడం గడ్డివాములో సూది వెతకడం కంటే కష్టం, ఎందుకంటే సూది కుట్టడానికి ఎగిరిరాదు. ముప్ఫై నలభై వేల ఈగల్లో అది ఒక్కటే, పైగా వెలుగు తగలగానే పట్టు అవతలి వైపుకు పరుగెత్తుతుంది. బాబాయిగారు చెప్పిన ఉపాయం ఇది. నవంబరు 6న సెలవు పెట్టి, పిల్లలున్న చట్రాలను రెండు అరలుగా పంచి, మధ్యలో కూలీ ఈగలు మాత్రమే దూరగల రాణి జాలీ పెట్టాను. గుడ్డు మూడు రోజుల్లో పొదుగుతుంది కనుక, నాలుగో రోజుకు రాణి ఉన్న అరలో తప్ప రెండో అరలో గుడ్లు మిగలవు. 10వ తేదీ ఆదివారం పదకొండు గంటలకు పెట్టె మొత్తాన్ని పదిహేను మీటర్ల అవతలికి మోసుకెళ్ళి, పాత స్థానంలో రెండు చట్రాలతో ఒక ఖాళీ పెట్టె ఉంచాను. మేతకు వెళ్ళే ముసలి ఈగలకు గుర్తుండేది స్థలం. అవే కుట్టడంలోనూ ముందుంటాయి. గంటన్నరలో అవన్నీ మేతకు వెళ్ళి తిరిగి పాత చోటికే చేరుకున్నాయి. పక్కకు జరిపిన పెట్టెలో చంటి ఈగలను సాకే లేత ఈగలే మిగిలాయి. ఆరు నెలలుగా నన్ను తరిమిన పెట్టెను ఆ మధ్యాహ్నం దాదాపు పొగ లేకుండానే తెరిచాను. ఈ ఒక్క ఉపాయం మేలో తెలిసి ఉంటే నాకు సగం ముళ్ళు తప్పేవి.

గుడ్లు కింది అరలో కనిపించాయి. ఏడో చట్రం మీద రాణి దొరికింది. పొడవాటి, మెరిసే, రాగి రంగు పొట్ట. దాన్ని చూస్తూ నేను కాసేపు అలాగే ఉండిపోయాను. దాని వీపు మీద ఎర్రచుక్క లేదు.

నిరుటి జనవరిలో నా రాణులన్నిటికీ మా అమ్మాయి గోళ్ళరంగుతో ఎర్రచుక్కలు పెట్టింది. అంటే ఇది ఆ రాణి కాదు. మార్చిలో, నేను గుంటూరులో ఉన్న ఏదో ఒక రోజున, ఆ పెట్టె పాత రాణితో సగం ఈగలను సాగనంపి ఉండాలి, లేదా ముసలిదైందని తనే కొత్త రాణిని తయారుచేసుకుని ఉండాలి. కొత్త రాణి పుట్టిన కొద్ది రోజులకు ఆకాశంలోకి ఎగిరి, పదీ పదిహేను మగ ఈగలతో కలిసి, ఆ వీర్యాన్ని జీవితమంతా తన పొట్టలో దాచుకుని వాడుకుంటుంది. ఆ మగ ఈగలు నావి కానక్కరలేదు. ఆ నెలల్లో ధనియాల పూతకూ, నువ్వు పూతకూ లారీల మీద ఎక్కడెక్కడి పెట్టెలో మా ప్రాంతానికి వస్తాయి. గుణం అటు తల్లి నుంచీ ఇటు తండ్రుల నుంచీ వస్తుంది. ఊళ్ళో వాళ్ళ సంకరం వాదంలోని సగం నిజం ఇదే: జాతి మారలేదు, తండ్రులు మారారు. గుడ్డు నుంచి కూలీ ఈగ రావడానికి 21 రోజులు, దాని ఆయుష్షు పని కాలంలో సుమారు ఆరు వారాలు. మార్చి మొదట్లో పెట్టె రాణి మారితే మే రెండో వారానికి పాత రాణి బిడ్డలు దాదాపు కనుమరుగై కొత్త రాణి బిడ్డలే పెట్టెను నింపుతారు. నా మొదటి నాలుగు ముళ్ళ తేదీ ఈ లెక్కతో సరిగ్గా కలిసింది. గుడ్లను చూసి రాణి ఉందనుకుని ఊరుకున్నానే గానీ, ఏ రాణి అని ఒక్కసారీ చూడలేదు.

దాన్ని నేనే చంపాను. ఇనుప బద్దతో, చట్రం అంచున. మంచి గుడ్లు పెట్టే, ఏ లోపమూ లేని రాణి. తనుగా ఎవరినీ కుట్టింది కూడా కాదు. దీని గురించి ఇంతకు మించి రాయను.

కొత్త రాణులు రెండూ ముందు రోజే బస్సులో వచ్చాయి, ఒక్కొక్కటి అగ్గిపెట్టె అంతటి పంజరంలో అయిదారు చెలికత్తె ఈగలతో. పంజరం ద్వారానికి మెత్తగా దంచిన పంచదార, తేనె కలిపి ముద్ద చేసి అడ్డంగా పెడతారు; ఈగలు దాన్ని మూడు నాలుగు రోజుల్లో తిని రాణిని విడిపించేలోపు దాని వాసన పెట్టె అంతటికీ అలవాటవుతుంది. ఒక పంజరాన్ని నాలుగో పెట్టెలో రెండు చట్రాల మధ్య ఇరికించాను. రెండోదాన్ని, బాబాయిగారి ఆజ్ఞ ప్రకారం, ఏడో పెట్టె నుంచి తీసిన మూడు పిల్ల చట్రాలతో ఒక చిన్న పెట్టె కట్టి అందులో ఉంచాను.

అంతవరకూ బాగానే ఉంది. సాయంత్రమయ్యేసరికి, పాత స్థానంలో రెండు చట్రాల మీద గుంపుగా వేలాడుతున్న ముసలి ఈగలను చూసి జాలిపడి, నాలుగో పెట్టెను తిరిగి వాటి దగ్గరికే చేర్చి కలిపేశాను. కొత్త రాణిని ఒప్పుకోనిది ముఖ్యంగా ఆ ముసలి ఈగలేనని బాబాయిగారు ముందే చెప్పి ఉన్నారు. 14న తెరిస్తే పంజరం ఖాళీగా ఉంది. రాణి అడుగు పలక మీద, రెక్కలు చిరిగి, చచ్చి పడి ఉంది. పట్ల మీద వేరుశనక్కాయల్లా వేలాడుతున్న రాణి గదులు కనిపించాయి; పాత రాణి పెట్టిపోయిన పిల్లల నుంచే తమ రాణిని తాము తయారుచేసుకుంటున్నాయి. అంటే అదే రక్తం మళ్ళీ గద్దె ఎక్కబోతోంది. ఫోన్‌లో ఆయన నన్ను తిట్టలేదు. "అందుకే రెండన్నాను" అన్నారంతే.

ఇలాంటి గదుల్లో మొదటి రాణి, పాత రాణి పోయిన పన్నెండో రోజు ప్రాంతంలో బయటకొస్తుంది. అయితే మొదటి రోజుల్లోనే గదులు కోసేస్తే ప్రయోజనం లేదు, లేత పిల్లలు ఇంకా ఉంటాయి గనుక మళ్ళీ కట్టుకుంటాయి. తొమ్మిదో రోజు దాకా ఆగితే రాణిగా మార్చగల వయసు పిల్ల ఒక్కటీ మిగలదు. అందుకని 19వ తేదీన, మళ్ళీ సెలవు పెట్టి, ప్రతి చట్రం మీది ఈగలనూ దులిపి, ఒక్కో గదినీ కోసేశాను. దులపకుండా చూస్తే ఈగల గుంపు కింద ఒక్క గది తప్పించుకున్నా పనంతా బూడిదలో పోసిన పన్నీరే. మొత్తం పదిహేడు గదులు దొరికాయి. రాణి లేని ఆ తొమ్మిది రోజులూ అవి ఇంతకు ముందుకంటే ఉగ్రంగా ఉన్నాయి. రెండు జతల ప్యాంట్లు వేసుకుని, బూట్ల అంచుకు టేపు చుట్టుకుని చేసిన పని అది. అప్పటికి చిన్న పెట్టెలోని రెండో రాణి విడుదలై, గుడ్లు పెట్టడం మొదలుపెట్టింది. ఏడో పెట్టె నుంచి వచ్చిన ముసలి ఈగలు తమ ఇంటికి తాము వెళ్ళిపోగా, మిగిలిన లేత ఈగలు దాన్ని పేచీ లేకుండా ఏలుకున్నాయి.

చీకటి పడ్డాక నాలుగో పెట్టె మూత తీసి, పైన ఒక పాత దినపత్రిక పరిచి, మేకుతో నాలుగైదు చిన్న గాట్లు పెట్టి, దాని మీద ఖాళీ అర ఉంచి, చిన్న పెట్టెలోని చట్రాలను రాణితో సహా అందులోకి దించాను. కింది ఈగలూ పైవీ కాగితాన్ని కొరుకుతూ, ఒకదాని వాసన మరొకటి తెలుసుకుంటూ, నెమ్మదిగా కలుస్తాయి. మూడో రోజు ఉదయం ద్వారం ముందు నేలంతా కాగితపు పొట్టు. అక్షరాల ముక్కలను ఈగలు ఒక్కొక్కటిగా మోసుకొచ్చి బయట పడేస్తున్నాయి. వారం తరువాత తెరిస్తే రాణి గుడ్లు పెడుతూ కనిపించింది. ఈసారి దానికి చుక్క పెట్టాకే మూత వేశాను.

ఇక్కడ చాలామంది తొందరపడతారని విన్నాను. కొత్త రాణి వేసినా కోపం తగ్గలేదని పది రోజులకే దాన్నీ మార్చినవాళ్ళున్నారు. రాణి మారితే గుడ్లు మారతాయి, ఉన్న ఈగలు మారవు. పాత రాణి నవంబరు 10న పెట్టిన చివరి గుడ్డు డిసెంబరు 1న ఈగగా బయటకొచ్చి, జనవరి మధ్య దాకా బతుకుతుంది. ఆ లెక్కను తోట గది తలుపు మీద సుద్దముక్కతో రాసి పెట్టుకున్నాను. మేజోటి పరీక్ష డిసెంబరు 8న చేస్తే పద్నాలుగు, 22న తొమ్మిది. ఆ మధ్య ఒక రోజు ఒకే చట్రం మీద రెండు రంగుల ఈగలు కనిపించాయి. ముదురువి పాతవి, పసుపు చారలు మెరిసేవి కొత్తవి. ముదురువి వారం వారం తగ్గుతూ వచ్చాయి.

సంక్రాంతికి మా అమ్మాయి హైదరాబాదు నుంచి వచ్చింది. కనుమ మరుసటి రోజు ఇద్దరం తోటకు వెళ్ళాం. మేజోటిలో ఒక్క ముల్లు. జాలీ మాత్రం వేసుకుని మూత తీశాను, పొగ రెండు దమ్ములు చాలింది. అమ్మాయి చట్రం పట్టుకుని చుక్కను చూసి, రంగు బాగా వేయలేదని నన్నే తప్పుపట్టింది.

నీడవల తీయలేదు. డొంకలో మేకలు ఎప్పటిలాగే గట్టు వారనే మేసుకుంటూ పోతున్నాయి. తాత మాత్రం ఇప్పటికీ మా తోట మొదలు రాగానే వాటిని వదిలేసి, అవతలి పొలం గట్టు మీదుగా చుట్టుతిరిగి వెళ్ళి, తోట దాటాక మళ్ళీ కలుసుకుంటున్నాడు.